నలభై ఎనిమిది మలుపుల కట్టుబడి

స్టెల్వియో రోడ్డు ఫొటో ఎప్పుడో ఒకప్పుడు మీ కంటపడే ఉంటుంది. ఆల్ప్స్ పర్వతాల్లో, చెట్టూచేమా లేని బూడిదరంగు కొండవాలు మీద, కింద లోయ నుంచి పైన కనుమ దాకా మెలిక మీద మెలికగా పాకిన తారురోడ్డు. ఆ ఫొటో చూసి ముచ్చటపడి, కారు అద్దెకు తీసుకుని ఎంతోమంది వెళ్తుంటారు. వెళ్లినవాళ్లు కొండను మెచ్చుకుంటారు, మంచును మెచ్చుకుంటారు. రోడ్డును మెచ్చుకునేవాళ్లు తక్కువ. రామప్ప గుడికి వెళ్తే రాయి రాయి దగ్గరా ఆగి చూస్తాం. అంత శ్రద్ధగా చూడాల్సిన కట్టడం రోడ్డు రూపంలో ఎదురైతే మాత్రం దాని మీదుగా బండి పోనిచ్చేస్తాం. ఆ రోడ్డును కట్టడంగా చూపించాలనే ఈ వ్యాసం. ప్రయాణం ఎలా వేసుకోవాలో కూడా చెబుతాను. ఏ వైపు నుంచి ఎక్కుతారు, ఏ వేళకు ఎక్కుతారు, ఎటు దిగుతారు అన్నదాన్నిబట్టే ఆ పనితనం కంటికి ఆనుతుంది.

స్టెల్వియో కనుమ ఇటలీ ఉత్తరపు కొసన, స్విట్జర్లాండ్ సరిహద్దును ఆనుకుని ఉంది. ఎత్తు 2,757 మీటర్లు. తూర్పు ఆల్ప్స్‌లో తారురోడ్డు ఉన్న కనుమల్లో అన్నిటికన్నా ఎత్తయినది ఇదే. మొత్తం ఆల్ప్స్‌లో చూస్తే ఫ్రాన్స్‌లోని ఇజరాన్ కనుమ దీనికన్నా కాస్త పైన ఉంటుంది. కనుమ నుంచి ఈశాన్యంగా దిగితే ప్రాతో అనే ఊరు వస్తుంది. అది దక్షిణ టైరోల్, ఇటలీలో ఉన్నా జనం మాట్లాడేది ఎక్కువగా జర్మన్. నైరుతిగా దిగితే లొంబార్డీలోని బోర్మియో, అక్కడ ఇటాలియన్. బోర్మియో వైపు దాదాపు 3 కి.మీ. దిగాక కుడిచేతికి ఒక రోడ్డు చీలి, ఉంబ్రైల్ కనుమ మీదుగా స్విట్జర్లాండ్‌లోకి పోతుంది. ఆ లోయలో రొమాన్ష్ భాష. ఈ మూడూ కలిసేచోట కనుమ పక్కనే ఒక చిన్న శిఖరం ఉంది. దాన్ని మూడు భాషల శిఖరం అంటారు. కనుమ మీద కారు ఆపుకుని కాసేపు నడిస్తే దాని మీదికి చేరతాం.

ఈ మూడు దిక్కుల ముడి విప్పితేనే రోడ్డు సంగతి అర్థమవుతుంది. 1815లో వియన్నా సమావేశం తర్వాత లొంబార్డీ ఆస్ట్రియా సామ్రాజ్యం కిందికి వచ్చింది. వియన్నాలో కూర్చుని మిలాన్‌ను ఏలాలంటే టైరోల్ మీదుగా సైన్యం, ఫిరంగులు, టపా త్వరగా చేరాలి. పాతకాలపు కంచరగాడిదల దారి ఉంబ్రైల్ మీదుగా ఉండేది. దాని ఎత్తు 2,501 మీటర్లు. కొండలు చూపిన సులువైన దారి అదే. అయితే ఆ దారి దిగే లోయ స్విస్ వాళ్లది. సైన్యం నడవాల్సిన దారి పరాయి నేల మీదుగా పోకూడదని ఆస్ట్రియా పట్టుబట్టింది. దాంతో ఉంబ్రైల్ కన్నా 256 మీటర్లు ఎత్తున ఉన్న స్టెల్వియోను ఎంచుకోవాల్సి వచ్చింది. ఇవాళ మనం కెమెరా తీసి ఫొటోలు దిగే పై మెలికల్లో చాలావాటికి కారణం ఆ 256 మీటర్లే. వాటిని అడిగింది కొండ కాదు, సరిహద్దు.

పని 1820లో మొదలై 1825లో ముగిసింది. కట్టించిన ఇంజనీరు కార్లో డొనెగానీ. 1775లో బ్రెషాలో పుట్టారు. ఇటలీ స్విట్జర్లాండ్‌ల మధ్య స్ప్లూగెన్ కనుమ రోడ్డు కూడా ఆయన చేతి పనే. డైనమైట్ అప్పటికి పుట్టలేదు, అది రావడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. రాయిని పగలగొట్టడానికి ఉన్నవి తుపాకి మందు, సుత్తి, ఉలి, గునపం. సామాను మోయడానికి గుర్రాలూ కంచరగాడిదలూ మనుషుల వీపులూ. కనుమ పై భాగం ఏడాదిలో సగానికిపైగా మంచు కింద ఉంటుంది కాబట్టి అక్కడ పని సాగేది వేసవి నెలల్లోనే. అలాంటి చోట ఐదారు వేసవుల్లో ఇంత రోడ్డు పూర్తి చేశారు. దాని గీత రెండు వందల ఏళ్లు దాటినా దాదాపు అలాగే ఉంది. పైన తారు వచ్చింది, అంచున రెయిలింగు వచ్చింది. దారి ఎక్కడ వంగాలని డొనెగానీ అనుకున్నారో ఇప్పటికీ అక్కడే వంగుతుంది.

ఆయన ముందున్న లెక్క చూడండి. ప్రాతో ఉన్నది 915 మీటర్ల ఎత్తున. కనుమ 2,757. ఎక్కాల్సింది 1,840 మీటర్లకు పైన. కాలిబాటకైతే వాలు గురించి అంత పట్టింపు అక్కర్లేదు, మనిషి నాలుగడుగులు వేసి ఆయాసం తీర్చుకుంటాడు. బండి అలా కాదు. బరువు లాగే గుర్రం ఎక్కగలిగే వాలుకు ఒక హద్దుంది. ఎక్కించడమే కాదు, దించేటప్పుడు బండి గుర్రం మీదికి దూసుకురాకుండా నిలవాలి. అందుకని ముందు వాలు తేల్చుకోవాలి. వాలు తేలితే దారి పొడవు దానంతట అదే తేలుతుంది. ప్రాతో నుంచి కనుమ దాకా రోడ్డు 24 కి.మీ. పైచిలుకు. సగటు వాలు నూటికి ఏడున్నర. అంటే నూరు మీటర్లు పైకి పోవాలంటే 1,300 మీటర్లకు పైగా రోడ్డు పరవాలి. లోయ పొడవుగా ఉంటే దారిని తిన్నగా సాగదీయొచ్చు. లోయ చాలకపోతే మడవాలి. ఎన్ని మడతలు పెట్టాలన్నది కొండ ముఖం ఎంత వెడల్పుందో దాన్నిబట్టి వస్తుంది. 48 మలుపులు అలా వచ్చాయి. ఒక్కటీ అలంకారానికి పెట్టింది కాదు.

ఆ 48 మలుపులు దారి పొడుగునా సమానంగా పరుచుకుని లేవు. నాకు ఈ రోడ్డులో అన్నిటికన్నా నచ్చింది అదే. ప్రాతో దాటాక కొన్ని కిలోమీటర్ల దూరం రోడ్డు సోల్డా వాగు వెంబడి పోతుంది. వాగు లోయ తనంతట తానే పైకి లేస్తోంది కాబట్టి రోడ్డు దాని చెయ్యి పట్టుకుని నడుస్తుంది, మలుపుల జోలికి పోదు. గొమగోయ్ దగ్గర లోయ రెండుగా చీలుతుంది. అక్కడి నుంచి ట్రాఫోయ్ ఊరి దాకా మలుపులు ఒకటీ అరా. ట్రాఫోయ్ దాటాక లోయ ఒక్కసారిగా నిక్కుతుంది. రోడ్డు అడవిలోకి దూరి మడతలు మొదలుపెడుతుంది. చెట్లు పలచబడి, ఫ్రాంజెన్స్‌హోయె అనే పాత మజిలీ దగ్గర, 2,188 మీటర్ల ఎత్తున, లోయ ఇక అయిపోతుంది. ఎదురుగా గోడలాంటి కొండ. ఇంకా ఎక్కాల్సింది దాదాపు 570 మీటర్లు. తల ఎత్తితే పైన కనుమ మీది భవనాలు కనిపిస్తూనే ఉంటాయి. వాటిని అందుకోవడానికి రోడ్డు దాదాపు 7 కి.మీ. తిరుగుతుంది. మొత్తం మలుపుల్లో సగానికి దగ్గరగా ఈ ఒక్క కొండ ముఖం మీదే ఉన్నాయి. లోయ సాయం చేసినంత దూరం లోయను వాడుకుని, అది చెయ్యి వదిలేసిన చోట మాత్రమే మలుపు మీద మలుపు వెయ్యడం ఈ రోడ్డు పద్ధతి.

కొండ ముఖం ఎంపిక కూడా చూడాలి. ట్రాఫోయ్ లోయకు ఒక పక్క ఓర్ట్లర్ శిఖరం, 3,905 మీటర్లు. 1804లో జోసెఫ్ పిచ్లర్ అనే వేటగాడు తోటివాళ్లతో కలిసి దాన్ని తొలిసారి ఎక్కేదాకా టైరోల్‌లో అంతకు మించిన శిఖరం లేదని తెలిసినా ఎవరూ చేరుకోలేదు. ఆ పక్కంతా హిమనదాలు, మంచు చరియలు. రోడ్డు ఎదుటి పక్కన ఎక్కుతుంది. దానివల్ల రోడ్డుకు కొంత రక్షణ. చూసేవాళ్లకు ఇంకో లాభం కూడా ఉంది. మెలిక తిరిగిన ప్రతిసారీ ఓర్ట్లర్ హిమనదాలు ఒకసారి ముందూ ఒకసారి వెనకా ప్రత్యక్షమవుతాయి. ప్రతి మలుపుకీ కాస్త కాస్త పైనుంచి చూస్తున్నాం కాబట్టి అదే కొండ రూపం మారుతూ ఉంటుంది. ఈ చూపు డొనెగానీ లెక్కలో ఉందో లేదో గానీ ఆయన ఎంచుకున్న ముఖం వల్లే మనకు దక్కింది.

ఇక ఒక మలుపును దగ్గర నుంచి చూద్దాం. ఆపడానికి చోటున్న దగ్గర మాత్రమే ఆగండి. చాలా మలుపుల్లో బండి ఆపితే వెనకవాళ్లకు దారి ఉండదు. ఫ్రాంజెన్స్‌హోయె దగ్గర కారు పెట్టి, ఒకటి రెండు మలుపులు నడిచి వెళ్లడం మేలు. మలుపు అంచు అర్ధచంద్రాకారంలో లోయలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. దాన్ని మోసేది కింద నుంచి లేపిన రాతి గోడ. తవ్విన కొండ రాయినే గోడకు వాడారు. అందుకే దూరం నుంచి చూస్తే గోడ ఏదో కొండ ఏదో తెలియదు. గోడ నిట్టనిలువుగా ఉండదు, పైకి పోయేకొద్దీ కొండవైపు కాస్త వాలుతుంది. వెనక మట్టి తోస్తున్నప్పుడు అలా వాలిన గోడే నిలబడుతుంది. ఒంపు తిరిగే చోట రాళ్లను అడ్డంగా పరచకుండా ఒంపుకు తగ్గట్టు ముఖం చెక్కి కూర్చారు. కొండ రోడ్డు గోడకు బండి బరువు కన్నా నీటితోనే పేచీ ఎక్కువ. మంచు కరిగిన నీరు గోడ వెనక చేరి, రాత్రి గడ్డకట్టి ఉబ్బితే ఎంతటి గోడైనా పగులుతుంది. గోడల్లో వదిలిన కన్నాలు, రోడ్డు లోపలి అంచున పారే కాలువ, అక్కడక్కడా అడ్డంగా దాటే తూములు అందుకే. ఏ రోడ్డులోనైనా నేను ముందు చూసేది వీటినే. ఫొటోలో పడని పని అది, రోడ్డు బతుకు మాత్రం దానిమీదే నడుస్తుంది.

మలుపు పక్కనే తెల్ల రాయి మీద అంకె ఉంటుంది. అంకెలు పైనుంచి కిందికి వేశారు. కాబట్టి ప్రాతో వైపు నుంచి ఎక్కేవాళ్లకు ముందు 48 కనిపిస్తుంది, తర్వాత 47, 46. ఎక్కేకొద్దీ అంకె తగ్గుతూ వస్తుంది. సైకిల్ తొక్కేవాళ్లకు ఈ రాళ్లే ధైర్యం. 1953లో జిరో డి ఇటాలియా సైకిల్ పందెం మొదటిసారి ఈ కనుమ ఎక్కినప్పుడు ఫాస్టో కొప్పి ఇక్కడే హ్యూగో కోబ్లెట్‌ను వెనక్కి నెట్టి పందెం గెలిచారు. ఆ పందెంలో ఏటా అన్నిటికన్నా ఎత్తయిన చోటును ఇప్పటికీ కొప్పి పేరుతోనే పిలుస్తారు.

మన ఘాట్ రోడ్ల మీద చెయ్యి తిరిగినవాళ్లకు ఇక్కడ ఒక తేడా ఉంది. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి అరకు ఘాట్ మీద ఎడమకు తిరిగే మలుపు ఇరుకు, కుడికి తిరిగేది వెడల్పు. అక్కడ కుడి పక్కన నడపాలి. కుడికి తిరిగే మలుపులే ఇరుకు. ఎక్కేటప్పుడు కుడి మలుపులో లోపలి అంచున వాలు కూడా నిక్కుతుంది. మలుపుకు ముందే మొదటి గేరు వేసుకుని, పైరోడ్డును ఒకసారి కిటికీలోంచి చూసుకుని, ఎదురుగా ఎవరూ లేకపోతే కాస్త వెడల్పుగా తీసుకుని తిరగాలి. బస్సు వస్తుంటే మలుపుకు ముందే ఆగిపోవాలి, దానికి రోడ్డంతా కావాలి. ఇరుకు చోట సాధారణంగా ఎక్కే బండికి దారి వదలాలి.

ఈ రోడ్డును డొనెగానీ కట్టించినప్పుడు చలికాలంలోనూ మూయలేదు. హిమపాతాలు జారే చోట్ల రోడ్డు మీద చెక్క కప్పులు వేసి, మంచు మీద జారుడుబండ్లు నడిపారు. దారి పొడుగునా రోడ్డు పనివాళ్లకు ఇళ్లు కట్టారు. కాపురం అక్కడే, పని అక్కడే. బోర్మియో వైపు ఆ ఇళ్లు కొన్ని ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ఇంత శ్రమపడి కట్టిన రోడ్డు సామ్రాజ్యానికి పనికొచ్చింది 34 ఏళ్లే. 1859లో లొంబార్డీ ఆస్ట్రియా చేజారింది. మిలాన్‌కు సైన్యం పంపాల్సిన అవసరమే పోయింది. కనుమ రెండు దేశాల సరిహద్దుగా మారింది. 1915 నుంచి 1918 దాకా ఇటలీ, ఆస్ట్రియా సైనికులు ఈ మంచులో కందకాలు తవ్వుకుని పోరాడారు. పక్కనే స్విస్ సైనికులు తమ గట్టు కాపలా కాశారు. 1919లో దక్షిణ టైరోల్ ఇటలీకి వెళ్లింది. ఆ తర్వాత కనుమకు రెండు పక్కలా ఒకే దేశం. ఏ స్విస్ సరిహద్దును తప్పించుకోవడానికి అంత ఎత్తున రోడ్డు వేశారో, ఇవాళ మనం ఆ సరిహద్దునే మధ్యాహ్న భోజనానికి ముందు దాటేస్తాం.

ఇప్పుడు ప్రయాణం సంగతి. జర్మనీలోని మ్యూనిక్‌లో, దాని చుట్టుపక్కల తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. వేసవిలో అమ్మానాన్నలను రప్పించుకుని ఆల్ప్స్ తిప్పాలనుకునేవాళ్లకు ఈ దారి చక్కగా కుదురుతుంది. మ్యూనిక్ నుంచి ఫెర్న్ కనుమ దాటి, ఆస్ట్రియాలో లాండెక్ మీదుగా రెషెన్ కనుమ ఎక్కి ఇటలీలోకి దిగితే గ్లోరెంజా వస్తుంది. దూరం దాదాపు 250 కి.మీ. నాలుగు దేశాల ప్రయాణంలో మొదటి రోజుకు ఇంతకుమించి పెట్టుకోకండి. రెషెన్ దాటగానే చెరువు మధ్యలోంచి పైకి లేచిన చర్చి గంటగోపురం కనిపిస్తుంది. 1950లో జలాశయం నింపినప్పుడు గ్రౌన్ ఊరు మునిగిపోతే మిగిలింది అదొక్కటే. ఆ మునిగిన ఇళ్ల సంగతి తెలుసుకుని ఆగండి. శ్రీశైలం కింద ఊళ్లు పోగొట్టుకున్న కుటుంబాల వాళ్లకు అది వేరే చెప్పక్కర్లేదు.

రాత్రి బస గ్లోరెంజాలో గానీ ప్రాతోలో గానీ చేసుకోవాలి. గ్లోరెంజా చుట్టూ కోటగోడ చెక్కుచెదరకుండా ఉన్న బుల్లి పట్టణం, గంటలో తిరిగిరావచ్చు. ఇక్కడ ప్రతి ఊరికీ జర్మన్, ఇటాలియన్ పేర్లు రెండూ ఉంటాయి. బోర్డు మీద ప్రాతో పక్కనే ప్రాడ్ అని, గ్లోరెంజా పక్కనే గ్లుర్న్స్ అని చూసి కంగారుపడకుండా రెండూ రాసి పెట్టుకోండి. ఇక్కడి నుంచి మరుసటి రోజు చుట్టు మొత్తం, స్టెల్వియో ఎక్కి ఉంబ్రైల్ దిగి స్విస్ లోయ వెంట తిరిగి గ్లోరెంజా చేరడానికి, దాదాపు 65 కి.మీ. మాత్రమే. దూరం చూసి సగం పూటలో అయిపోతుందనుకోకండి, రోజంతా దానికే వదిలేయండి.

కనుమ సాధారణంగా మే నెలాఖరుకో జూన్‌లోనో తెరుస్తారు, అక్టోబరు నెలాఖరు దాకో ఇంకొన్ని రోజులో ఉంచుతారు. అంతా మంచు మీద ఆధారపడిన లెక్క. జూలైలో కూడా ఒక్కోసారి మంచు కురిసి రోడ్డు మూసేస్తారు. బయల్దేరే ముందు రోజు సాయంత్రం, మళ్లీ ఉదయం, రోడ్డు తెరిచి ఉందో లేదో చూసుకోవాలి. ఆగస్టు చివర్లోనో సెప్టెంబరు మొదట్లోనో ఒక శనివారం కార్లను పూర్తిగా ఆపి సైకిళ్లకే వదిలేస్తారు. ఆ తేదీ తప్పించుకోవాలి, లేదా సైకిల్ తొక్కే ఓపిక ఉంటే దానికే రావాలి. నా ఓటు సెప్టెంబరు మధ్యకు. జనం పలచబడతారు, గాలి తేటగా ఉంటుంది, రాతి గోడలు స్పష్టంగా కనిపిస్తాయి. వారాంతం మాత్రం వద్దు. మోటార్‌సైకిళ్లు వరసకట్టి వస్తాయి, ప్రతి మలుపులోనూ వాటికి దారి వదలడంతోనే సరిపోతుంది.

కాగితాల విషయం. నాలుగు దేశాలూ షెంజెన్ లోపలే ఉన్నాయి కాబట్టి ఒక్క వీసా చాలు. అలాగని పాస్‌పోర్టులు హోటల్లో వదిలి వెళ్లకండి. తిరిగి జర్మనీలోకి వచ్చేటప్పుడు పోలీసులు ఆపి చూడటం మామూలే. ఇండియా నుంచి వచ్చి కారు నడిపేవాళ్లు మన లైసెన్సుతోపాటు ఆర్టీఓ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని రావాలి. కారు అద్దెకు తీసుకునేటప్పుడు ఏయే దేశాలకు వెళ్తున్నామో చెప్పి, ఆ మాట ఒప్పందంలో రాయించుకోవాలి. టైర్లకు, అద్దాలకు, బండి అడుగు భాగానికి బీమా ఉందో లేదో చదివి చూసుకోవాలి. కొండ రోడ్డు మీద దెబ్బ తగిలేది వాటికే. ఆస్ట్రియాలో మోటార్‌వే ఎక్కాలంటే విన్యెట్ అనే టోల్ చీటీ కొనాలి. స్విట్జర్లాండ్‌లో మోటార్‌వేకు కావాలి గానీ ఉంబ్రైల్ రోడ్డుకు అక్కర్లేదు. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు. జర్మన్ సిమ్ కార్డుకు అక్కడ రోమింగ్ చార్జీ పడొచ్చు, మ్యాప్‌లు ముందే ఫోన్‌లోకి దించుకోండి.

ఉదయం ఏడింటికల్లా ప్రాతో వదలాలి. పెట్రోలు అక్కడే నింపుకోవాలి. తొందరగా బయల్దేరమనడానికి రద్దీ ఒక్కటే కారణం కాదు. మెలికలున్న కొండ ముఖం తూర్పు వెలుగు పడే వైపుంది. ఉదయపు ఎండ ఏటవాలుగా పడి గోడ గోడకూ నీడ గీత గీస్తుంది. మధ్యాహ్నానికి ఆ నీడలు పోయి వాలంతా ఒకే బూడిదరంగులో కలిసిపోతుంది. అందుకే ఇటు నుంచి ఎక్కాలి, ఉదయమే ఎక్కాలి. దిగే దారిగా పెట్టుకుంటే చూపంతా బ్రేకుల మీద, ముందు బండి మీద ఉంటుంది, గోడలు వెనక్కిపోతాయి. వెనక సీట్లో పెద్దవాళ్లుంటే కడుపులో తిప్పకుండా వాళ్లను ముందు కూర్చోబెట్టి, అల్పాహారం తేలిగ్గా పెట్టి, రెండు మూడు చోట్ల ఆపండి. 2,757 మీటర్ల దగ్గర గాలి పలచన. కారు దిగి గబగబా నడిస్తే ఆయాసం వస్తుంది, స్వెట్టర్ లేకుండా కారు దిగొద్దు.

కనుమ మీద హోటళ్లు, దుకాణాలు, వేసవిలోనే నడిచే హిమనదం స్కీయింగ్ లిఫ్టులు, సాసేజ్ అమ్మే బండ్లు. సందడి ఎక్కువ. దాన్ని దాటుకుని రెండు చోట్లకు వెళ్లండి. ఒకటి టిబెట్ అనే పేరున్న గుండ్రటి వసతి గృహం పక్కనున్న గట్టు. అక్కడి నుంచి కిందికి చూస్తే ఎక్కివచ్చిన మెలికలన్నీ ఒక్కచూపులో పడతాయి. ఒక్కో వాలుకూ ఎంత పొడవిచ్చారో పోల్చి చూడండి. కొండ వెడల్పున్న చోట పొడుగు, ఇరుకైన చోట పొట్టి. అయినా వాలు మాత్రం ఎక్కడా పెద్దగా తప్పదు. రెండోది డొనెగానీ పేరున ఉన్న చిన్న మ్యూజియం. కొండల్లో రోడ్డు వేసినవాళ్ల పేర్లు చాలావరకు ఎవరికీ గుర్తుండవు. ఈయన పేరు ఆయన రోడ్డు మీదే నిలిచింది, చూసి సంతోషించాను.

కనుమ నుంచి బోర్మియో వైపు 3 కి.మీ. దిగి కుడికి తిరిగితే ఉంబ్రైల్. స్విస్ సరిహద్దు అక్కడే. బండ్ల కోసం దీన్ని 1901లో వేశారు. స్విట్జర్లాండ్‌లో తారు పడిన కనుమ రోడ్లలో ఇదే అన్నిటికన్నా ఎత్తయినది. మధ్యలో కొంత దూరం కంకర రోడ్డుగానే మిగిలిపోయి, 2015కు గానీ పూర్తిగా తారు పడలేదు. స్టెల్వియో తర్వాత దీని మీద దిగితే రెండింటి తేడా తెలుస్తుంది. అది సైన్యం కోసం పట్టుదలగా కట్టిన దారి, గోడ మీద గోడ లేపి కొండను మడిచింది. ఇది కంచరగాడిదలు ఎప్పుడో ఎంచుకున్న దారికి దగ్గరగా పోతుంది, పచ్చిక గట్ల మీదుగా వంపులు తిరిగి లార్చ్ చెట్ల అడవిలోకి దిగుతుంది. పదమూడు కిలోమీటర్ల పైన ఏకబిగిన దిగుడు. బ్రేకు మీద కాలు పెట్టి దిగితే బ్రేకులు కాలిన వాసన వస్తుంది. రెండో గేరులో ఇంజనే బండిని ఆపేలా చూసుకోవాలి. ఆటోమేటిక్ కారైతే మాన్యువల్ మోడ్‌లోకి మార్చుకోవాలి. స్పీడు మించితే స్విస్ జరిమానా భారీగా ఉంటుంది.

దిగగానే సాంతా మరియా, 1,375 మీటర్లు. అక్కడి నుంచి తూర్పుగా తిరిగితే కాసేపటికే మ్యుస్టెయిర్. ఆ ఊరి బెనెడిక్టైన్ మఠం చర్చి గోడల మీద తొమ్మిదో శతాబ్దం తొలినాళ్ల చిత్రాలున్నాయి. యునెస్కో 1983లో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. లోపల కనీసం గంట గడపండి. మఠం దాటితే మళ్లీ ఇటలీ, కొద్ది దూరంలో గ్లోరెంజా. ఒకరోజు చుట్టు ఇంతే.

ఇంకో రోజు చేతిలో ఉంటే చాలామంది సాంతా మరియా నుంచి పడమరగా ఓఫెన్ కనుమ మీదుగా, 1914లో పెట్టిన స్విస్ నేషనల్ పార్కు గుండా ఎంగడీన్ లోయకు పోతారు. అది అందమైన దారే. నన్నడిగితే మాత్రం ఆ రోజును డొనెగానీ పనిలో రెండో సగానికి ఇవ్వమంటాను. అంటే మళ్లీ స్టెల్వియో ఎక్కి, ఈసారి ఉంబ్రైల్‌కు తిరగకుండా నేరుగా బోర్మియోకి దిగాలి. 21 కి.మీ. పైచిలుకు, 1,500 మీటర్లకు పైన దిగుడు. ఇక్కడ కొండ పరిచింది వేరే లెక్క. పైన బ్రౌలియో లోయ విశాలమైన పచ్చిక మైదానం, రోడ్డు హాయిగా సాగుతుంది. కొంత దూరం పోయాక మైదానం అంచు తెగిపోతుంది. స్పొందలుంగా దగ్గర మెలికలన్నీ ఒకదాని కింద ఒకటి నిచ్చెన మెట్లలా దిగుతాయి. ఆ కింద లోయ ఇరుకు చీలికగా మారుతుంది. అక్కడ మడవడానికి కొండ ముఖమే లేదు. కాబట్టి రోడ్డు రాతిలోకి దూరింది, చిన్న చిన్న సొరంగాల్లోంచి పోతుంది. అవి ఇరుకైనవి, లోపల చీకటి. హెడ్‌లైట్లు వేసుకుని, ఎదురు బండి కనిపిస్తే బయటే ఆగాలి. ఒక వైపు గోడలు లేపి మడిచిన ఇంజనీరే ఇంకో వైపు రాయి తొలిచి తిన్నగా దించారు. ప్రాతో వైపు మాత్రమే చూసి వచ్చినవాళ్లు ఆయన చేతిపని సగమే చూసినట్టు. చీలిక దాటాక బోర్మియోకు ముందు వేడినీటి బుగ్గల పాత స్నానశాలలున్నాయి. వేసవిలో వాటికి ముందుగా బుక్ చేసుకోవాలి, లేకపోతే చోటు దొరకడం కష్టం.